బాద్‌షా ఆగిన చోటు

మొన్న వాన వెలిశాక నారాయణగూడలో, చెప్పులు కుట్టే ఆయన ముందు నా ఆటో ఆపాను. తడిసిన తోలు వాసన గుప్పుమంది. అలవాటుగా అద్దంలోకి చూశాను. వెనక సీటు ఖాళీ. వసుంధర మేడం, బాద్‌షా ఎక్కే రోజుల్లో వానాకాలమంతా నా ఆటోకి ఇదే వాసన.

మేడంది అశోక్ నగర్. బ్యాంకు ఉద్యోగం చివర్లో చూపు పోయింది. బాద్‌షా ఆవిడకు దారి చూపే కుక్క. వీపు మీద తోలు పట్టీ, దానికో పిడి. పట్టీ ఉన్నంతసేపూ వాడు పనిలో ఉన్నట్టే, ఎవరూ పలకరించకూడదు. అది తెలియక మొదటిరోజు "సలాం బాద్‌షా!" అన్నాను. వాడు తల కూడా తిప్పలేదు.

"డ్యూటీలో ఉన్నవాడితో కబుర్లేమిటయ్యా యాదగిరీ?" అన్నారు మేడం.

"మా చిక్కడపల్లి స్టాండుల డ్యూటీ అంటేనే కబుర్లు మేడం."

ఆవిడ పకపకా నవ్వారు. బాద్‌షాకి ఆవిడ చెప్పే మాటలన్నీ ఇంగ్లీషులోనే; ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టేసిన నాకంటే వాడికే ఇంగ్లీషు ఎక్కువ వచ్చు. ఆ సంగతి గుర్తుచేయడం ఆవిడకు మహా సరదా.

ఆవిడ కోరిక ఒక్కటే. పెళ్లయిన కొత్తలో రోజూ తిరిగిన పార్కులో, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మళ్లీ ఒక చుట్టు నడవాలి. తీరా వెళితే గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు.

"కుక్కలను రానియ్యరమ్మా. నేనే పట్టుకొని తిప్పుత, రాండ్రి."

"అన్నా, వీడు నీకంటే సీనియరు..." అని నేను అందుకునేలోపే మేడం చెయ్యెత్తారు. "నువ్వాగు. తిప్పు బాబూ, చూద్దాం."

పాపం, మంచివాడే. బడికి పోనని మొరాయించే పిల్లను లాక్కెళ్లినట్టు జబ్బ పట్టుకొని బయల్దేరాడు. గుంతలన్నీ తప్పించాడు. గేటు దాటగానే దారి మీదికి వంగిన కానుగ కొమ్మ కింద నుంచి దర్జాగా వెళ్లిపోయాడు. అతను పొట్టి. మేడం పొడగరి. కొమ్మ ఆవిడ నుదుటికి కొట్టుకుంది.

ఆవిడ కసురుకోలేదు. వెనక్కి వచ్చి, "ఇక వీడితో ఒకసారి వెళ్లనీ" అన్నారు. అతను తప్పుకున్నాడు. బాద్‌షా అదే దారిన వెళ్లి కొమ్మకు అడుగు ముందే ఆగిపోయాడు. వాడి తలకీ కొమ్మకీ మధ్య ఇంకో రెండు కుక్కలు పడతాయి. అయినా కదల్లేదు. మేడం చెయ్యి చాచి ఆకులు తడిమి, వంగి దాటారు.

"దానికేం తగులుతదని ఆగింది?" అన్నాడు వాచ్‌మన్.

"వాడికి కాదన్నా, ఆమెకు" అన్నాను. అందులో జోకు కలపడం నాకు చేతకాలేదు.

మేమిద్దరం గేటు దగ్గరే ఉండిపోయాం. ఆవిడ చుట్టు పూర్తిచేసి వచ్చి బెంచీ మీద కూర్చుని పట్టీ విప్పారు. బాద్‌షా గడ్డిలో పడి దొర్లాడు. "ఇప్పుడు చెప్పుకోండి మీ కబుర్లు" అన్నారు నాతో, నుదురు రుద్దుకుంటూ.

ఇప్పుడు మేడం లేరు, బాద్‌షా లేడు. మొన్న నారాయణగూడలో ఆ తోలు వాసనలో అలా ఉండిపోయినప్పుడు, ఒక పొడుగాయన వచ్చి ఆటో ఎక్కబోయాడు. నా చెయ్యి దానంతటదే పైనున్న ఇనుప కడ్డీకి, ఆయన తలకీ మధ్యకు వెళ్లింది.

"నీకెందుకయ్యా ఇంత పరేషాన్?" అన్నాడాయన.

"డ్యూటీల ఉన్న సార్," అన్నాను, "పలకరించొద్దు."