మ్యూరియల్‌కి దొరకని పిట్ట

పిట్టల పిచ్చి ఉన్న ప్రతివాళ్ళకీ ఎంత తిరిగినా దొరకని పిట్ట ఒకటుంటుంది. మా మ్యూరియల్ గూడరమ్‌కి అది నీలిగొంతు పిట్ట. వసంతంలో తూర్పుగాలి వీస్తే సముద్రం దాటొచ్చి ఇంగ్లండులో మా నార్ఫోక్ ఒడ్డున వాలుతుంది. ఊళ్ళో అందరికీ కనబడింది. పిట్టల మొహం ఎరగని మా తమ్ముడికి కూడా, కుక్కని తిప్పుతుంటే ఎదురొచ్చింది. మ్యూరియల్ మాత్రం తన చేపల దుకాణం కట్టేసి పరుగెత్తుకొచ్చేసరికి అది ఎగిరిపోయి ఉండేది. ఏళ్ళ తరబడి ఇదే వరస.

"ఏమ్మా, మళ్ళీ తప్పించుకుందా?" అని ఏడిపించేవాళ్ళం.

"నా దగ్గర చేపల కంపు కొట్టి ఉంటుందిలే" అనేది.

మ్యూరియల్ అంటే అందరికీ హడల్. పిట్టలు చూసే మా జట్టులో ఒక కట్టుబాటు ఉంది. పిట్ట దగ్గరికి ముందొచ్చినవాళ్ళు ఎక్కడ నిలబడితే అదే గీత, వెనకొచ్చినవాళ్ళు దాన్ని దాటకూడదు. పెద్ద కెమెరాలు వచ్చాక ఆ గీత జారడం మొదలెట్టింది. ఒకడు ఫొటో కోసం అడుగు ముందుకేస్తాడు. వాడి వీపు అడ్డమొచ్చిందని పక్కవాడు ఇంకో అడుగు వేస్తాడు. "ఓ నాయనా, దాని నోట్లో పళ్ళు లెక్కపెడతావా ఏంటి? వెనక్కి రా!" అని మ్యూరియల్ కేకేసేది. చర్చి ఫాదర్‌ని కూడా వదల్లేదు. ఆ మాటే నేనంటే నన్ను తన్నేవాళ్ళు.

దుకాణం అమ్మేసి, ఇక తీరిగ్గా తిరగొచ్చు అనుకునే వేళకి ఆమె కళ్ళు మొరాయించాయి. ఎటు చూస్తే అక్కడే మసక, అంచులు మాత్రం కనబడేవి. బైనాక్యులర్స్ అలవాటు కొద్దీ మెళ్ళో వేసుకునేది, అంతే. వచ్చే వసంతానికి ఈ మాత్రం చూపు కూడా ఉండదని డాక్టరమ్మ చెప్పేసింది.

ఆ ఏడు మే నెలలోనే ఒక పొద్దున, సముద్రపు కట్ట పక్క పొదల్లో నీలిగొంతు పిట్ట వాలిందని కబురొచ్చింది. మ్యూరియల్‌ని నా కారులో ఎక్కించుకున్నాను. "నత్త నయం క్లిఫ్, కాస్త తొక్కు" అని దారంతా సతాయించింది.

అప్పటికే జనం చేరారు. అందరికంటే ముందు డంకన్ ఉన్నాడు. బ్యాంకు ఉద్యోగం మానేసి ఈమధ్యే మా ఊరొచ్చినవాడు. మ్యూరియల్ చేత ఎక్కువ చీవాట్లు తిన్నది అతనే. ఆమెని చూడగానే చెయ్యి చాచాడు.

"మ్యూరియల్ గారూ, ఇలా రండి. నా చెయ్యి పట్టుకోండి. పొద దాకా వెళ్తే మీకు తప్పకుండా కనబడుతుంది."

ఎవరూ కాదనలేదు. "వెళ్ళమ్మా, ఇవాళ ఒక్కరోజూ గీత లేదనుకో" అన్నాను నేను.

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. నాలుగడుగులు వేసింది కూడా. తర్వాత ఆగిపోయింది.

"క్లిఫ్, అదేం చేస్తోంది?"

"నిటారుగా నిలబడి మనవైపే చూస్తోంది."

"ఏమైనా తింటోందా?"

"లేదు."

డంకన్ ఒప్పుకున్నాడు. "పొద్దున తింటూనే ఉందండీ. మేం ముందుకొచ్చాక మానేసింది."

"రాత్రంతా సముద్రం మీద ఎగిరొచ్చిందర్రా! తినకపోతే అదెలా బతుకుతుంది? పదండి వెనక్కి. అందరూ. నాతో సహా."

"అక్కణ్ణించి మీకు కనబడదండీ."

"తెలుసు బాబూ."

బాట దాకా వెనక్కొచ్చేశాం. అక్కణ్ణించి ఆమెకి పొదే ఒక మరకలా ఉందట. కాసేపటికి పిట్ట బెదురు తీరి పొద దిగి నేల మీదికొచ్చింది. నేను ఆమె చెవిలో చెప్పడం మొదలెట్టాను. "గొంతు చూడాలి మ్యూరియల్, ఎంత నీలమో..."

"గొంతు సంగతొద్దు. తింటోందా?"

"తింటోంది. పురుగు పట్టింది. ఇదిగో, ఇంకోటి."

భోజనాల వేళ దాకా అటే మొహం పెట్టి నిలబడింది. డంకన్ తీసిన ఫొటోలో పిట్ట ఆవగింజంత వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు నాకు ఉండబట్టలేదు. "ఎదురుగానే నిలబడ్డావు కదా, చూశానని చెప్పుకో. ఎవడు కాదంటాడు?"

"నేనంటాను" అంది. ఆ మొండితనానికి నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు పొద్దున్నే ఒక్కణ్ణీ వెళ్ళి పొదలన్నీ చూసి, తిన్నగా ఆమె వంటింట్లోకి వెళ్ళాను.

"లేదు మ్యూరియల్. వెళ్ళిపోయింది."

"అమ్మయ్య! కడుపు నిండిందన్నమాట. ఎగరడానికి ఓపికొచ్చింది" అని నవ్వింది. టీకి నీళ్ళు పెట్టడానికి అటు తిరిగింది. చాలాసేపు ఇటు తిరగలేదు. భుజాలు కదులుతుంటే దగ్గరికెళ్ళాను.

"నాకూ చూడాలనే ఉండింది క్లిఫ్" అంది.