టీవీ మీద నెత్తళ్లు

నా చిన్నప్పుడు వానాకాలంలో మా ఇంట్లో పొయ్యి తర్వాత వెచ్చగా ఉండేది టీవీ ఒక్కటే. మా చిన్నాన్న పెళ్లైన కొత్తలో ఎవరో వాడి వదిలేసిన కలర్ టీవీ కొని తెచ్చాడు. సముద్రం ఒడ్డున మా వీధి మొత్తానికి అదొక్కటే. ఆదివారం పొద్దున్నే అందరూ మా ఇంట్లోనే.

ఆ ఏడు మూడు రోజులు ముసురు వదల్లేదు. నేనప్పటికే బడి మానేశాను, ఇంటి పనే నా పని. సగం ఎండిన ఉప్పు నెత్తళ్ల చేపలు నాకు అప్పగించి మా నాన్నమ్మ, "పురుగు పట్టిందో, నీ వీపు సింతపండే" అంది. చేపలు పారేయడానికి నాకప్పుడూ మనసొప్పలేదు, ఇప్పుడూ ఒప్పదు. ఆదివారం అందరూ చూసి వెళ్లాక టీవీ ఇంకా వెచ్చగా ఉంది. దాని పైన గాలికోసం ఉన్న కన్నాల మీద చేపల చేట పెట్టాను. కాస్త ఆరాక తీసి దాచేశాను. మా ఇంట్లో చేపల వాసన ఎవరు పట్టించుకుంటారు?

ఆ సాయంత్రం మా పిన్ని, అంటే చిన్నాన్న కొత్త పెళ్లాం, టీవీ పెట్టింది. లోపల చిటచిటమంది, బొమ్మ వణికింది, ఆరిపోయింది. నాన్నమ్మ అందుకుంది. "ఏటి పాదమో ఇది! అడుగెట్టిన కాడ్నుంచి ఒక్కటీ కలిసిరానేదు!" పిన్ని ఏడవలేదు. రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. నా చేపల వల్లేనని తెలిసీ నేను నోరు విప్పలేదు.

మూడో రోజు నరసన్నపేట నుంచి టీవీలు బాగుచేసే మావ వచ్చాడు. పిన్ని పాదం గురించీ, అన్నం మానేసి కూర్చోవడం గురించీ నాన్నమ్మ ఆయనకీ ఏకరువు పెట్టింది. ప్లగ్గు పీకి, వెనక డొప్ప విప్పి, చాలాసేపు దేన్నీ ముట్టుకోలేదు. వంగి చూశాడు, వాసన చూశాడు. "ముందు సూడాలమ్మా. సూడకుండా సెయ్యెడితే బాగున్నది కూడా పోతాది" అన్నాడు నాన్నమ్మతో. తెల్లగా పేరుకున్న ఉప్పుని బ్రష్షుతో దులిపి, స్పిరిట్టుతో తుడిచి, ఆరనిచ్చి, కాలిన తీగ ఒకటి మార్చాడు. రంగులు సరిచేయడానికి తను వెనక కూర్చుని, గోడ అద్దం నాకిచ్చి తెరకి ఎదురుగా పట్టుకోమన్నాడు. అద్దంలో చూసుకుంటూ మరలు తిప్పాలి. నేను మాటిమాటికీ నాన్నమ్మ వైపు తిరుగుతుంటే అద్దంలో బొమ్మ నిలవలేదు.

ఆయన లేచొచ్చి, అద్దం సరిచేస్తున్నట్టు నా గుప్పిట్లో ఏదో పెట్టాడు. ఎండుచేప తల.

"ఒలే గుంటా, ఇది లోపల దొరికినాది. నాను సెప్తే నీకు దెబ్బలే. నువ్వు సెప్తే ఆ పిల్లకి అన్నం" అని మెల్లిగా అన్నాడు.

చెప్పేశాను. వీపు చింతపండు అయ్యింది కూడా. నాన్నమ్మ పిన్నితో తప్పైందని ఒక్క మాటా అనలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం తనే కంచం పెట్టి, ఆ నెత్తళ్లే వేయించి పిన్నికి ముందు వడ్డించింది.

నా నోరు మంచిది కాదని మా వీధంతటికీ తెలుసు. మిక్సీ చెడినా, మోటారు కాలినా అరుస్తాను, ముందు మూత విప్పి చూడమంటాను. కానీ ఇద్దరు కోడళ్లు వచ్చారు నా ఇంటికి. ఏ కోడలి అడుగునీ ఈ నోటితో ఇంతవరకు తిట్టలేదు.