తేమ అని రాసిన చీటీ

చోడవరంలో మా కంపెనీకి ఆఫీసూ గోడౌనూ ఒకటే. కె.కోటపాడు వైపు పోయే రోడ్డు మీద, ఒకప్పుడు ఎరువుల కొట్టుగా ఉన్న రేకుల షెడ్డు అది. ముగ్గురు భాగస్తులు కలిసి పెట్టారు. రైతుల దగ్గర బెల్లం కొని, పొడి కొట్టి, ప్యాకెట్లు చేసి విశాఖపట్నం, హైదరాబాదు దుకాణాలకు పంపేవాళ్లం. ప్యాకెట్టు మీద పెద్ద అక్షరాలతో ‘మందు కలపని బెల్లం’ అని ఉండేది. ఆ బెల్లం కొనే పని నాది. ఎవరిది దించుకోవాలో, ఎవరిది తిప్పి పంపాలో నా సంతకంతో తేలేది.

పాకం మరుగుతుండగా హైడ్రోస్ అనే మందు పొడి చల్లితే బెల్లం పచ్చగా, చూడముచ్చటగా వస్తుంది. చల్లకపోతే ముదురు రంగులో దిగుతుంది. సంతలో పచ్చనిదానికే గిరాకీ. అందుకే చల్లడం మా వైపు మామూలైపోయింది. ఆ పొడి మానెయ్యమని రైతులకు నచ్చజెప్పి, ఆ ముదురు బెల్లాన్ని మేమే కొంటామని మాటివ్వడంతోనే మా కంపెనీ మొదలైంది. ఊరూరా తిరిగి ఆ మాట ఇచ్చిన నోరు నాదే.

చీడికాడ పోయే దారిలో ఒక ఊళ్లో బెల్లం వండే పెద్దాయన ఉండేవాడు. అరవైకి దగ్గర వయసు. సొంతానికి ఎకరం చెరుకు ఉన్నా, ఆయనకు పేరు వంటతోనే వచ్చింది. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లవాళ్లు గానుగ వేస్తే పెనం దగ్గర నిలబడడానికి ఆయన్ని పిలిచేవారు. పెనం ఎప్పుడు దించాలన్నదే ఆ పనిలో అసలు విద్య. కాస్త ముందు దించితే బెల్లం మెత్తబడి వానాకాలానికి కారిపోతుంది. కాస్త ఆలస్యమైతే మాడుతుంది. ఆయన చన్నీళ్ల గిన్నెలో రెండు చుక్కలు పాకం వేసి, వేళ్లతో ఉండ చేసి, నొక్కి చూసి, “ఊఁ” అనేవాడు. నలుగురు మనుషులు కర్రలేసి పెనం ఎత్తేసేవారు. అంతే.

మొదటిసారి వాళ్ల ఇంటికి వెళ్లి మందు సంగతి ఎత్తినప్పుడు ఆయన చుట్ట ఆర్పి నా మొహంలోకి చూశాడు.

“మందు మానీమంటావు. నల్లగొస్తాది. నల్లదాన్ని ఎవుడు కొంటాడు బాబూ?”

“మేం కొంటాం మావా. ఎంత నల్లగున్నా కొంటాం.”

లోపల్నించి ఆయన భార్య అందుకుంది. “పెళ్లిసూపులోల్ల మాట కాదు గదా నీది? ముందు సరేననీసి, తరవాత గుంట నల్లగున్నాదని ఎల్లిపోతారు.”

అందరం నవ్వాం. నేనే గట్టిగా నవ్వాను. మా పోస్టరు తీసి ఆమెకు చూపించాను కూడా. ‘రంగు చూడకండి, రుచి చూడండి’ అని ఉంది దాని మీద.

ఆ సీజను ఆయన మందు ముట్టుకోలేదు. ఆయన్ని చూసి మరి కొందరు మానేశారు. మేం అన్నట్టే అంతా కొన్నాం. ఆయన వండిన బెల్లం నోట్లో వేసుకుంటే చెరుకు గుర్తొచ్చేది.

రెండో సీజను సగంలో దుకాణాల నుంచి ప్యాకెట్లు వెనక్కి రావడం మొదలైంది. పాత సరుకు పంపుతున్నారా, ఇంత నలుపేమిటి అంటూ ఫోటోలు పెట్టేవారు. ముగ్గురు భాగస్తులూ గోడౌనులోనే కూర్చుని మీటింగు పెట్టారు. నన్నూ పిలిచారు. పెద్ద భాగస్తుడు, “రైతులకు మాటిచ్చాం కదా” అన్నాడు. రెండో ఆయన, “మాట మనం ఇచ్చాం, షాపువాడు ఇవ్వలేదు” అన్నాడు. మూడో ఆయన ఫోన్లో లెక్కలేవో చూసుకుంటూ ఉండిపోయాడు. చివరికి ముగ్గురూ నా వైపు తిరిగి, రోజూ ఊళ్లలో తిరిగేవాడివి, నువ్వేమంటావు అని అడిగారు.

అడిగారు. అది మరిచిపోకుండా రాయాలి. చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్న కథలో వాళ్లు నన్ను అడగలేదు, హుకుం జారీ చేశారు. నిజానికి అడిగారు. ఉన్నమాట రైతులకే చెప్పేద్దాం, ఈ ఏడాది నల్లబెల్లం కొనలేమని ముందే చెబితే ఎవరి దారి వాళ్లు చూసుకుంటారు అని నేను అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అలా చెప్పడానికి ఊరూరా వెళ్లి తలదించుకోవాల్సింది నేనే. “మీరెలా అంటే అలాగే” అన్నాను.

“కాస్త చూసి తీసుకో” అన్నాడు పెద్ద భాగస్తుడు. మీటింగు అయిపోయింది. ఫలానావాడిది తిప్పెయ్యమని ఎవరూ అనలేదు. మందు చల్లిన పచ్చ బెల్లం కొని మన ప్యాకెట్లలో పొయ్యమని కూడా ఎవరూ అనలేదు. ఆ రెండూ నాకు అర్థమయ్యాయి. కొన్ని రోజులకు రెండూ జరిగాయి. ఎవరు నిర్ణయించారని ఇప్పుడడిగితే వాళ్లు ముగ్గురూ నా సంతకం చూపిస్తారు. నేను వాళ్ల మీటింగు చూపిస్తాను.

సరుకు తిప్పి పంపేటప్పుడు ఒక చీటీ ఇవ్వాలి. తేమ, మట్టి, పురుగు, మాడు అని నాలుగు కారణాలు అచ్చయి ఉండేవి. రంగు లేదు. రంగు పట్టించుకోమని గొప్పగా చెప్పుకున్న కంపెనీ కాబట్టి దాన్ని మొదట్లోనే తీయించేశాం. పెద్దాయన బెల్లం లోడు ఆటోలో వచ్చిన రోజు నేను తేమ దగ్గర టిక్కు పెట్టాను. తేమ కొలిచే మిషను నా బల్ల సొరుగులో డబ్బాలోనే ఉంది. బయటికి తియ్యలేదు.

ఆయన చీటీ అటూ ఇటూ తిప్పి నా చేతికిచ్చాడు. “ఏటి రాసేరు బాబూ?”

“తేమ ఎక్కువుంది మావా.”

“తేమా? నా బెల్లంలోనా?” దిమ్మ అంచు విరిచి, నొక్కి, వాసన చూశాడు. “ఉండ కట్టేకే దించేను గదా.”

“కొంచెం ముందు దించేసినట్టున్నావు.”

ఆయన తిట్టి ఉంటే నాకు బాగుండేది. తిడతాడనే ఎదురుచూశాను. ఆ ముక్క చేతిలో పట్టుకునే, “అయ్యుంటాది. వయసైపోనాది గదా, సూపు ఆనట్లేదు. ఈసారి ఇంకో రెండు పొంగులు ఉంచుతాను” అన్నాడు. ఆటోవాడితో మాత్రం, “పద, ఇంటికే” అన్నాడు.

రెండో లోడుకీ తేమ అనే రాశాను. మూడో లోడు వచ్చినప్పుడు ఆటో తలుపు తియ్యగానే మాడు వాసన కొట్టింది. తేమ పోగొట్టాలని పెనం దించకుండా అలాగే ఉంచేశాడు. ఈసారి చీటీ మీద మాడు దగ్గర టిక్కు పెట్టాను. నిజమైన కారణం దొరికిందని అప్పుడు నా మనసు తేలికపడింది. ఇంతకంటే సిగ్గుపడే మాట నా జీవితంలో ఇంకోటి లేదు.

మూడుసార్లు తిరిగొచ్చిన బెల్లం సంగతి ఊళ్లలో దాగదు. ఆయన చెయ్యి తప్పిందన్నారు. గానుగలవాళ్లు పిలవడం మానేశారు. మందు చల్లే కుర్రవాళ్లు పెనాల దగ్గర నిలబడ్డారు. వాళ్లు వండిన పచ్చ బెల్లాన్నే నేను దళారీ ద్వారా కొని ‘మందు కలపని’ ప్యాకెట్లలో పోయించాను.

ఉద్యోగం మానేశానని రాయగలిగితే బాగుండేది. మానలేదు. ఇంకో రెండేళ్లకు భాగస్తులకు పొసగక కంపెనీ మూతపడింది. పోయేది ఏమీ లేని రోజు చూసుకుని ఆయన ఇంటికి వెళ్లాను.

ఆయన వాకిట్లో గేదెకు గడ్డి కోస్తున్నాడు. భార్య అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. కూర్చోమన్నా కూర్చోలేదు నేను.

“మావా, ఆ ఏడు నీ బెల్లంలో తేమ లేదు. మిషను పెట్టి చూడనేలేదు. రంగు నల్లగుందని తిప్పేసేను. నీతో అబద్ధం చెప్పేను.”

ఆయన కత్తిపీట మీంచి కాలు తియ్యలేదు. ఆమె మాత్రం చేట పక్కన పెట్టింది.

“తెల్సా బాబూ నీకు? రెండేళ్లై ఈ మనిసి పొయ్యిమీద పాలు పొంగితే నన్నడిగి దించతన్నాడు. సొంతంగా దించడు. పిచ్చెక్కిందేటని తిడతన్నాను నేను.”

“నువ్వుండవే” అన్నాడాయన. తర్వాత నన్ను అడిగాడు. “అయితే మొదటి బండిది బాగున్నట్టేనా?”

“బాగున్నట్టే మావా.”

“రెండోది? దాన్ని రెండు పొంగులు ఎక్కువుంచేను.”

దాన్నీ నేను చూడలేదు.

“మూడోది మాడింది. అది నాకూ తెల్సు. మరి నా తప్పెక్కడ మొదలెట్టిందో ఇప్పుడెవులు సెప్తారు బాబూ?” కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. మిషను అరనిమిషంలో చెప్పేది. నేను జీవితాంతం చెప్పలేను.

“మా ఇద్దరికీ సెప్తే ఏటి లాభం?” అంది ఆమె. “ఆ ఏడు నలుగుర్లో పరువు తీసేవు. నలుగుర్లోనే సెప్పు.”

మరుసటి వారం వాళ్ల ఊళ్లోనే ఒక రైతు గానుగ వేశాడని తెలిసి పొద్దున్నే వెళ్లాను. పెద్దాయన్ని వెంటబెట్టుకునే వెళ్లాను. పెనం కింద పిప్పి ఎగదోస్తున్నవాళ్లు, చెరుకు మోస్తున్నవాళ్లు, ఏడెనిమిది మంది ఉన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. మందు బెల్లం ప్యాకెట్లలో పోయించిన సంగతి కూడా దాచలేదు. వినడం అయ్యాక గానుగ రైతు తువ్వాలు దులిపి భుజానేసుకున్నాడు.

“అప్పుడు కంపెనీ ఆయన సెప్తే ఈ ముసిలోడికి సేతకాదనుకున్నాం. ఇప్పుడా కంపెనీ ఆయనే వచ్చి సేతనవునంతన్నాడు. నీ ఏ మాట నమ్మమంటావు బాబూ?”

ఒకరిద్దరు నవ్వారు. ఆ రైతు చెడ్డవాడు కాదు. నవ్వులు ఆగాక పెద్దాయన వైపు తిరిగి, “అదంతా ఎందుకు గానీ, రా బావా. ఈ పెనం నువ్వే సూడు” అన్నాడు.

పెద్దాయన పెనం దగ్గరికి నడిచాడు. పాకం బుడగలు చిన్నవై, దగ్గరపడి, నెమ్మదిగా పగులుతున్నాయి. చన్నీళ్ల గిన్నె తెప్పించుకుని రెండు చుక్కలు వేశాడు. వేళ్లతో ఉండ చేశాడు. నొక్కాడు. నలుగురు మనుషులూ కర్రలు పట్టుకుని ఆయన మొహం వైపే చూస్తున్నారు.

ఆయన ఆ ఉండను నాకు చూపించాడు.

“నువ్వు సెప్పు బాబూ. దించీమంటావా?”

“నాకు తెలీదు మావా” అన్నాను. బెల్లం విషయంలో ఆయనతో నేను చెప్పిన నిజాల్లో అది రెండోది.

ఆయన మళ్లీ రెండు చుక్కలు వేశాడు. ఉండ చేసి, దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఇక ఆగలేక గానుగ రైతు, “ఎత్తండ్రా” అని కేకేశాడు.