గేటు లోపల ఆయమ్మ

ఆ బడి చర్చి వెనక రెండు గదుల్లో మొదలైంది. దూరపు ఊళ్ళ ఆడపిల్లల కోసం సిస్టర్లు పెట్టారు. తర్వాత మేడ లేచింది, హాస్టలు వచ్చింది, పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికి వెళ్ళే పిల్లలూ చేరారు. భర్త పోయిన ఏడాదికి, ఆరేళ్ళ కూతురు చిట్టిని వెంటబెట్టుకుని ఆమె ఆ హాస్టల్లో ఆయాగా చేరింది.

పెద్ద సిస్టరు ఒకే షరతు పెట్టారు.

"నీ పిల్లకి సీటిస్తాం, మంచమిస్తాం. కానీ గేటు లోపల నువ్వు అందరికీ ఆయమ్మవే. దానికీ అంతే. ఇక్కడున్న పిల్లలంతా అమ్మల్ని వదిలొచ్చినవాళ్ళు. వాళ్ళ కళ్ళముందు ఒక్కదానికే అమ్మ ఉంటే ఎలా చెప్పు?"

"అలాగే సిస్టర్" అంది. మాట న్యాయంగానే తోచింది.

మొదటి వారంలో చిట్టి రెండుసార్లు నోరు జారింది. మూడోసారి "అమ్మా" అన్నప్పుడు ఆమె విననట్టే బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత పిల్ల మళ్ళీ ఎప్పుడూ అలా పిలవలేదు.

కూతురి మీద పక్షపాతం అన్న మాట పడకూడదని ఆమె తాపత్రయం. నలభై తలలు దువ్వాక చిట్టి వంతు వచ్చేది. ఈలోగా గంట కొట్టేవాళ్ళు. పిల్ల సగం అల్లిన జడతోనే పరుగెత్తేది. ఒక ఏడు హాస్టలంతా తట్టు పోసింది. జబ్బు గదిలో తొమ్మిది మంచాలు, చివరిది చిట్టిది. కొత్తగా చేరిన పిల్ల ఒకతె మధ్యాహ్నమంతా ఆమె ఒళ్ళోంచి దిగలేదు. చిట్టి కాసేపు చూసి, మంచినీళ్ళయినా అడక్కుండా గోడవైపు తిరిగి పడుకుంది.

"ఎంత బుద్ధిమంతురాలో నీ కూతురు!" అన్నారు సిస్టరు. ఆమె పొంగిపోయింది.

చిట్టి చదువుకుని వేరే ఊళ్ళో నర్సయింది, పెళ్ళి చేసుకుంది. ఉత్తరాలు రాసేది కానీ వాటిలో పిలుపు ఉండేది కాదు. "నేను బాగున్నాను" అని మొదలయ్యేవి.

పల్లెలకు బస్సులు పడ్డాక హాస్టల్లో ఉండే పిల్లలు తగ్గి, చివరికి దాన్ని మూసేశారు. ఆ రోజు పాత విద్యార్థినులు ఎందరో వచ్చి ఆమెను కావలించుకుని ఏడ్చారు. "నువ్వు లేకపోతే మా అమ్మమీద బెంగతోనే పోయేదాన్ని ఆయమ్మా" అంది ఒకావిడ. చిట్టి మాత్రం రాలేదు.

ఆమే రేకుపెట్టె పట్టుకుని కూతురింటికి వెళ్ళింది. చిట్టి అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నీకు అన్యాయం చేశాను తల్లీ."

"నా చదువు కోసమే చేశావు. తెలుసు."

"తెలిసీ ఎందుకు నాకింత దూరం?"

"తెలిస్తే పోతుందా? నీ దగ్గర ఏదైనా అడగడం నాకు అలవాటు కాలేదు. ఇప్పుడు నేర్చుకోమంటే ఎలా?"

ఆమె కంచంలో చెయ్యి ఆగిపోయింది. "పప్పు చల్లారిపోతుంది, తిను" అంది చిట్టి.

ఆమె ఆ ఇంట్లోనే నాలుగేళ్ళు బతికింది. చివరి ఏడాది మంచం పడితే, చిట్టి పూట తప్పకుండా మందులిచ్చింది, ఒళ్ళు తుడిచింది, వీపు పుండు పడకుండా చూసుకుంది. వార్డులో రోగులకు చేసినంత శ్రద్ధగా చేసింది.

తల్లిని సమాధి చేసి వచ్చిన వారానికి చిట్టిని భర్త అడిగాడు, "డ్యూటీకి వెళ్ళవా?"

"సెలవు పొడిగించానండీ. ఇంకా ఏడుపు రాలేదు. వస్తుందేమోనని చూస్తున్నాను."