వాలు పరదా మీద చక్కెర

నా చిన్నప్పుడు నా ముఖం కంటే నా చేతిరాతే అందంగా ఉండేదని మా ఇంట్లో అందరూ ఒప్పుకునేవాళ్లు. పాదిరి బడిలో పంతులమ్మ నా పలక ఎత్తి పట్టుకొని, "చూడండి, ఎంత గుండ్రంగా ఉండాయో!" అని పిల్లలందరికీ చూపించేది. ఎనిమిదేళ్ల పిల్లకు తలకెక్కడానికి అంతకంటే ఏం కావాల? అక్షరాలు గుండ్రంగా ఉంటే చాలు, భూమి గుండ్రంగా లేకపోయినా పరవాలేదనుకునేదాన్ని.

కడప బజారులో మా జేజినాయనకు, అంటే మా నాయన వాళ్ల నాయనకు, బెల్లం చక్కెర అంగడి ఉండేది. అది పడమటి ముఖం. ఎండాకాలం పొద్దు వాలిందంటే ఎండ నేరుగా లోపలికొచ్చి కూర్చునేది, బేరమేమీ చేయకుండా. బెల్లం అచ్చులు చెమటలు కక్కేవి, ఈగలకు పండగ. ఆ ఏడు మా జేజినాయన మందపాటి ముదురురంగు డేరా గుడ్డ తెప్పించి, అంగడి ముందరికి వాలుగా దిగేటట్టు పెద్ద పరదా కుట్టించినాడు. నీడ బాగానే వచ్చింది గానీ, గోడకున్న పేరుపలక ఆ పరదా వెనకాల దాక్కునింది. పల్లెల నుంచి బండ్లు కట్టుకొని వచ్చేవాళ్లు మా అంగడి యాడుండాదో తెలీక పక్కంగడిలో బెల్లం కొనుక్కొని, మా నీడలో కూర్చొని తినిపోయేవాళ్లు. అది మా జేజినాయనకు ఎండ కంటే ఎక్కువ కాలింది.

అందుకని పరదా మీదనే పేరు రాయించాలనుకున్నాడు. బజారులో పేరుపలకలన్నీ రాసేది ఒక ముసలి సాయిబు. పీర్ల పండగకు జెండాల మీద రంగులు వేసేదీ ఆయనే. పిల్లలందరికీ ఆయన రంగుల తాత. అయితే అప్పటికే మదరాసులో పని నేర్చుకొచ్చిన పడుచువాడొకడు అంగడంగడికీ తిరుగుతున్నాడు. ముసలాయనకు చూపు ఆనదంట, చెయ్యి వణుకుతాదంట అని ఎవరో మా జేజినాయన చెవిన వేసినారు. "చూద్దాంలే, ఈ ఒక్కసారికి ముసలాయనకే ఇస్తా" అన్నాడాయన. ఆ ఒక్కసారి అన్న మాట రంగుల తాత చెవినా పడింది.

మా మిద్దె మీద గుడ్డ పరిచినారు. రంగు పాకకుండా తాత దానికి ముందురోజే గంజి పట్టించి ఆరబెట్టినాడు. సుద్ద పూసిన దారాన్ని బిగబట్టి టప్పున వదిలితే తెల్లటి గీత పడేది. ఆ గీతల నడుమ సుద్దముక్కతో 'బెల్లం చక్కెర అంగడి' అని రాసినాడు. చూసి నోరు తెరిచినాను. ఒక్కొక్క అక్షరం మునక్కాయంత పొడుగు! పాపం, తాతకు నిజంగానే చూపు పోయిందనుకున్నాను. నా పనికిమాలిన గొప్పతనం ఏమిటంటే, నాకు ఆయన మీద జాలి కూడా వేసింది.

మధ్యాహ్నం తాత నమాజుకూ భోజనానికీ పోయినాడు. నేను గోనెపట్టా ఒకటి కాళ్ల కింద వేసుకొని, దాన్ని జరుపుకుంటూ, కాలే మిద్దె మీద కోతి మాదిరి ఎగురుకుంటూ గుడ్డ దగ్గరికి చేరినాను. నడిమి మాటను పావడా అంచుతో తుడిచేసి, ఆ చోట గుండ్రంగా, ముద్దుగా 'చక్కెర' అని నా చేత్తో రాసినాను. తక్కిన రెండు మాటలూ దిద్ది పుణ్యం కట్టుకుందును గానీ, ఎండ ఒప్పుకోలేదు.

తాత తిరిగొచ్చి గుడ్డను చూసినాడు, నా పావడాను చూసినాడు. తుడిచి మళ్లీ రాసుకుంటే సరిపోయేది. అట్ల చేయకుండా కిందికి దిగి, "సెట్టీ, రంగు పడకముందే ఒకసారి ఎత్తి చూద్దాం" అన్నాడు. పరదా ఎత్తి కట్టినాక, "రా బిడ్డా" అని నన్ను వీధి అవతల బండ్లు నిలిచే చోటికి తీసుకపోయినాడు.

అక్కణ్ణుంచి చూస్తే మునక్కాయలు ఏమైపోయినాయో ఏమో! 'బెల్లం', 'అంగడి' రెండూ గుండ్రంగా, నిండుగా కనపడుతున్నాయి. వాటి నడుమ నా చక్కెర మాత్రం ఎద్దులబండి ఎక్కి దిగినట్టు అణిగిపోయి ఉంది. నీళ్లలో పడ్డ చక్కెరకు కూడా అంతకంటే మంచి గతి పడుతుంది.

"ఏమప్పా ఇది? నడిమిది ఎవురో తొక్కినట్ల ఉండాది!" అన్నాడు మా వెనకాలే వచ్చిన మా జేజినాయన.

తాత తల వంచుకొని, "నా చెయ్యే తప్పింది సెట్టీ. వయసు గదా" అన్నాడు.

"అందరూ చెప్తానే ఉండారు, నేనే ఇనలేదు. ఇంక నువ్వు ఇంటిపట్టున ఉండు సాయిబూ. ఆ మదరాసు పిల్లోన్ని పిలిపిస్తా."

చుట్టుపక్కల అంగళ్లవాళ్లు చెవులు రిక్కించి వింటున్నారు. ఆ మాట పొద్దుగూకేలోగా బజారంతా తిరిగొస్తుందనీ, ఆ తర్వాత తాత చేతికి కుంచె పని ఇచ్చేవాడెవడూ ఉండడనీ నా బుర్రకు కూడా తట్టింది. తాత మాత్రం నా వైపు కన్నెత్తి చూడలేదు.

నిజం చెప్పాలని నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. అందుకని నోటికి బదులు చేతులు చాపినాను. రెండు అరచేతులూ తెల్లగా సుద్ద. మా జేజినాయన నా చేతులు చూసి, పావడా చూసి, మళ్లీ పరదా చూసినాడు.

"ఏం సాయిబూ, నీ చెయ్యి వణికిందా, మా పిల్ల చెయ్యి దురదపెట్టిందా?"

"పిల్ల అచ్చరం శానా బాగుండాది సెట్టీ. గోడకైతే గుండ్రం, వాలుకైతే పొడుగు. ఇది వాలు గదా. రాసేటోడు గుడ్డ మీద కూర్చోనుంటాడు, చదివేటోడు ఈడ నిలబడుంటాడు. ఈడికొచ్చి చూస్తే పిల్లకే తెలుస్తాదనుకుంటి."

"మరి తప్పు నీ నెత్తినెందుకు ఏసుకుంటివి?"

"పిల్ల చూడాలనుకుంటి గానీ, ఇంతమందిలో పిల్ల తిట్లు తినాలనుకోలేదు సెట్టీ."

మా జేజినాయనకు తప్పయిందని చెప్పడం ఏనాడూ చేతకాదు. అంగట్లోకి పోయి, పిడికెడంత కలకండ ముక్క తెచ్చి తాత చేతిలో పెట్టి, అంగళ్లవాళ్లందరికీ వినపడేటట్టు, "మిగిలిన పని కానీ సాయిబూ. వచ్చే ఏడు కొత్త గుడ్డకూ నువ్వే రావాల" అన్నాడు. తాత ఆ ముక్క విరిచి పెద్ద సగం నాకిచ్చినాడు.

మళ్లీ మిద్దె మీద గుడ్డ పరిచినాక, సుద్దముక్క నా చేతికే ఇచ్చి రాయమన్నాడు. "ఇంకా సాగదీయి బిడ్డా. ఇంకా." చూడ్డానికి వికారంగా ఉన్నా, కళ్లు మూసుకున్నంత పని చేసి సాగదీసినాను. దాని మీదనే ఆయన రంగు వేసినాడు. ఆ కుంచె ఒక్కచోట కూడా వణకలేదు. రంగు ఆరినాక పరదా ఎత్తితే, మూడు మాటలూ అక్కచెల్లెళ్ల మాదిరి ఒకే ఎత్తున నిలబడినాయి. బండ్లవాళ్లు చదువు వచ్చినవాళ్లతో చదివించుకొని, నేరుగా మా అంగడికే రావడం మొదలుపెట్టినారు.

సుద్దతో చెప్పిన సుద్దులు కాబట్టి చెరిగిపోవాల్సింది. పోలేదు. పెద్దయి నేనూ పంతులమ్మనైనాను. నల్లబల్ల మీద రాసినప్పుడల్లా చివరి బెంచీ దాకా నడిచిపోయి చూసుకునేదాన్ని. తాను రాసింది తానే చదువుకోడానికి పోతాందని పిల్లలు నవ్వేవాళ్లు. ఇంట్లో మాటామాటా పెరిగినప్పుడు కూడా, మనసులో ఒకసారి వీధి దాటి, అవతలి మనిషి బండి పక్కన నిలబడి చూస్తాను. నాకు ఎంతో గుండ్రంగా అనిపించిన నా మాట అక్కడికి ఎంత చపాతీగా చేరిందో కనపడుతుంది.

ఇది రాయడం అయినాక కూడా కాగితాన్ని చెంబుకు ఆనించి, గది ఆ చివరికి పోయి చూసినాను. కళ్లజోడు బల్ల మీదే మరిచిపోయినట్టున్నాను, ఒక్క అక్షరమూ ఆనలేదు. పోనీలెండి. మీరు నిలబడిన చోటికి కనపడితే చాలు.