సుక్రు తెచ్చిన వేట

సుక్రుని వేటకి తీసుకెళ్లడం కంటే డప్పు కొట్టుకుంటూ వెళ్లడం నయం. వాడి నోరు ఊరుకోదు. పొద కదిలితే చాలు, "ఒరే, అది కుందేలేట్రా, అడివిపందేట్రా?" అని గట్టిగా అడుగుతాడు. అది ఏదైనా సరే, ఆ మాట విన్నాక ఇంక అక్కడ ఉండదు.

మా అరకు కొండల్లో చైత్రమాసంలో ఇటుకల పండగ వస్తుంది. మగాళ్లు వేటకి పోవాలి. ఏదో ఒకటి కొట్టి తెచ్చినవాడికి పాటలు పాడి థింసా ఆడతారు. ఉత్తచేతులతో వచ్చినవాడి మీద ఆడవాళ్లు కుండలతో పేడనీళ్లు పోస్తారు. సుక్రుకి మీసం వచ్చినప్పటి నుంచీ ఏటా పేడనీళ్లే. వాడితో పోయిన పాపానికి మాకూ అవే. మేం వాడిని తిట్టేవాళ్లం, వాడు పడేవాడు. పడీ పడీ వాడికి ఒకటే కోరిక మిగిలింది. చచ్చేలోగా ఒక్క పండక్కైనా "సుక్రు వేట తెచ్చాడు" అని ఊరిచేత అనిపించుకోవాలి.

మాతోబాటే కాఫీ తోటల్లో కూలి చేసేవాడు. ఒక ఏడు వానాకాలం పని లేక విశాఖపట్నం పోయి, ఒక కంప్యూటర్ల కొట్టులో పెట్టెలు మోశాడు. మోసేవాడు మోసి ఊరుకోకుండా లోపల ఏముందో చూశాడు. వాళ్లు పారేసినవీ, వీడు కొన్నవీ, బతిమాలి తెచ్చుకున్నవీ కలిపి ఊళ్లో ఒక కంప్యూటర్ కట్టాడు. మేం ఇల్లు కట్టుకున్నట్టే కట్టాడు, దూలం ఒకచోటిది, తలుపు ఒకచోటిది. పెట్టెకి పక్క రేకు లేదు. లోపలి వెచ్చదనానికి కోడిపెట్ట వచ్చి దాన్ని ఆనుకునే పొదిగేది. "దీని వల్ల వచ్చిన లాభం ఈ కోడిపిల్లలే" అనేది కనక, వాడి పెళ్లాం.

2003లో పండక్కి ఎవరి దగ్గరో కెమెరా అడిగి తెచ్చి మా ఊరి థింసా అంతా తీశాడు. అది కంప్యూటర్లో వేస్తే ఊరంతా వాడింట్లోనే. బొమ్మ కొంతదూరం బాగానే నడిచేది. సరిగ్గా బుద్రి ముసలి పాట అందుకునే చోట ఆగిపోయేది. మా ఊరి ఆడవాళ్లకి బుద్రే పెద్ద. పేడనీళ్లు ఎవరికి పడాలో తేల్చేదీ ఆవిడే. ఎన్నిసార్లు వేసినా ఆవిడ నోరు తెరిచి, మిగిలిన రెండు పళ్లూ చూపిస్తూ అలాగే బిగుసుకుపోయేది. పిల్లలు పడీ పడీ నవ్వేవారు.

"ఒరే సుక్రూ, నా నోరు ముయ్యించరా" అని ముసలి ఏడాది పొడుగునా వాడి వెంటపడింది.

"దీనికి మెమరీ సాలదవ్వా. ఇంకోటి ఎయ్యాలి."

"మెమరీ అంటే ఏటి?"

"గురుతు. దీనికి గురుతు తక్కువ."

"నీకు ఎక్కువేటి?" అంది కనక. "ఉప్పు తెమ్మంటే బీడీలు తెచ్చినోడివి. ముందు నీ బుర్రలో ఒకటి ఎట్టుకో."

మరుసటి ఏడు పండగ వచ్చింది. వేటకి బయల్దేరుతూ మేం బాణాలు సర్దుకుంటుంటే సుక్రు రైలు స్టేషన్ దారి పట్టాడు.

"ఎటురా?" అని అడిగాడు మా వేటకి ముందు నడిచే సోంబరు.

"ఏటకే దాదా. మీరు అడివికి ఎల్లండి, నాను పట్నం ఎల్తాను."

"బేగి ఎల్లు నాయినా, బేగి ఎల్లు!" అని సోంబరు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

సుక్రు లేడు కదా, ఈసారి అడవిపంది ఖాయం అనుకున్నాం. రెండు రోజులు తిరిగాం. ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఒక్క జంతువూ కనబడలేదు. తిట్టుకోవడానికి సుక్రు కూడా లేడు. దిగొచ్చి, ఊరి మొదట్లోనే పేడనీళ్లు పోయించుకుని, కంపు కొడుతూ నిలబడ్డాం. అంతలో రైలు దిగి సుక్రు వచ్చాడు. ఆడవాళ్లు మళ్లీ కుండలెత్తారు.

"ఆగండాగండి! ఏట తెచ్చాను!" అని జేబులోంచి ఏదో తీశాడు. సన్నగా ఆకుపచ్చ బద్ద, ఒక అంచున బంగారం రంగు పళ్లు.

"నా జుత్తుకి దువ్వెన తెచ్చేవేట్రా?" అంది బుద్రి.

"దువ్వెన కాదవ్వా, మెమరీ. నీ నోరు మూత్తాది."

"ఇది ఏట ఎలాగవుద్ది?" అన్నాడు సోంబరు, గడ్డం మీంచి పేడ కారుతుంటే. "నెత్తురేదీ? మాం పోయించుకున్నాం, ఈడూ పోయించుకోవాలి."

బుద్రి ఆలోచించింది. "బొమ్మ నడిత్తే ఏట. నడవకపోతే రెండు కుండలు."

అందరం వాడింట్లోకి తోసుకుంటూ పోయాం. సుక్రు కోడిని తోలి, స్విచ్ కట్టేసి, ఆ బద్దని పెట్టె లోపలి గాడిలో పెట్టి నొక్కాడు. స్విచ్ వేశాడు. తెర నల్లగానే ఉంది. పెట్టె మాత్రం పీ... పీ... అని అరిచింది.

"ఇంకా సావనేదు, కూత్తంది" అంది బుద్రి.

గుమ్మంలో కనక కుండ పట్టుకుని తయారుగా ఉంది. పుట్టాక మొదటిసారి సుక్రు నోరు మూతపడింది. మళ్లీ స్విచ్ కట్టి బద్ద పీకాడు. గాడిలోంచి కోడి ఈక ముక్క లాగి పారేశాడు. ఉఫ్ మని ఊదాడు. బద్దని మళ్లీ పెట్టి రెండు బొటనవేళ్లతో నొక్కితే టక్కుమంది. ఈసారి తెర వెలిగింది.

థింసా మొదలైంది. ఆ చోటు వచ్చింది. తెర మీద బుద్రి నోరు తెరిచింది. నోరు మూసింది. మళ్లీ తెరిచి చక్కగా పాట అందుకుంది.

"ఏటే!" అని అరిచింది ముసలి. "సుక్రు ఏట తెచ్చేడర్రా!"

ఆడవాళ్లు వాడి చుట్టూ పాట కట్టారు. వాడు ఏడ్చాడు. మాకూ ఏడుపొచ్చింది గానీ అది వేరే ఏడుపు.

పాట అయ్యాక బుద్రి, "ఏట అన్నాక గడపగడపకీ వాటా ఎయ్యాలి" అంది.

"దీన్ని కొయ్యలేం కదవ్వా."

"కోత్తావో, సూపిత్తావో నీ ఇష్టం."

అలా ఇంటికొక సాయంత్రం చొప్పున వాటా పడింది. వాటా ఎవరిదైనా ఊరంతా వచ్చేది. కనక ఇంట్లో కూర్చోవడానికి కనకకే చోటు లేదు. గోడల నిండా పొగాకు ఉమ్ములు. కల్లు తాగినవాళ్లు గింజల గాదె మీద నిద్రపోయారు. చివరికి పొదుగుతున్న కోడి కూడా గుడ్లు వదిలేసి లేచిపోయింది. మర్నాడు పొద్దున్నే కనక పేడ కలిపి, పళ్లు తోముకుంటున్న సుక్రు నెత్తిన కుండెడూ కుమ్మరించింది.

వాడు ఒళ్లు కూడా కడుక్కోకుండా మా దగ్గరికి తోట పనికి వచ్చేశాడు. మేం నవ్వబోతే వేలు చూపించాడు.

"ఇది నా ఆడది పోసింది, ఊరు పొయ్యనేదు. ఊరి లెక్కలో నాను ఏటగాడినే."

ఆ మాట నిజమే కాబట్టి ఎవరం కాదనలేకపోయాం. గాలికి అవతలి వైపున కూర్చోమన్నాం, అంతే.