కణాలకు ముందుచూపు కనిపెట్టిన వారం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉంటుందని నాకు తెలియదు. కడప నుంచి ఎమ్మెస్సీ పట్టా పట్టుకొచ్చి హైటెక్ సిటీలో ఓ చిన్న మందుల పరిశోధన సంస్థలో చేరాను. హఫీజ్‌పేటలో కిరాయి గది, ఆరు నెలల ప్రొబేషన్. మా పని గుండెపోటు మీద. రక్తం ఆగితే గుండె కణాలు చస్తాయని అందరికీ తెలుసు. ఆగిన రక్తం తిరిగొచ్చాక రెండో దెబ్బ తగులుతుందని చాలామందికి తెలియదు (చేరేదాకా నాకూ తెలియదు, అమ్మకు మాత్రం పుట్టినప్పటి నుంచీ తెలిసినట్టే ఫోన్లో చెప్పాను). కణాల మీద పుట్టుకతో వచ్చిన కాపలా గ్రాహకాలుంటాయి. సూక్ష్మక్రిమి కనబడితే కేకెయ్యడం వాటి పని. చచ్చిన మన కణాల ముక్కలు తగిలినా దొంగలు పడ్డారనే అరుస్తాయి. ఆ అరుపుకు పరిగెత్తుకొచ్చే తెల్లరక్తకణాలు బతికున్నవాటినీ బాదేస్తాయి. ఆ నోరు మూయించగల మందొకటి మా దగ్గరుండేది. గుండె కణాలను ప్రాణవాయువు లేని పెట్టెలో ఉంచి, మళ్ళీ గాలి తగలనిచ్చి, మందు పనిచేస్తోందని సోమవారం చూపించాలి. లేదంటే మందును పక్కన పెడతారు, దాని వెనకే నన్నూ.

శుక్రవారం చూస్తే కణాలు పెంచే గిన్నెలన్నిటిలోనూ ఒకటే గోల. మందు వేసినవీ వేయనివీ సరే, అసలు పెట్టె మొహం చూడని కణాలు కూడా అరుస్తున్నాయి. బుద్ధున్నవాడైతే తన తప్పు వెతుక్కునేవాడు. నేను కొత్త సత్యం కనిపెట్టాననుకున్నాను: పక్క గిన్నెలో కష్టం పసిగట్టి ఇవి ముందే భయపడ్డాయి! ‘కణాల ముందుచూపు’ అని రెండు పేజీలు రాసి మా టీమ్ లీడర్‌కి ఇచ్చాను (ఏం చూపించినా మళ్ళీ చేయమంటారని ఆమెకు మేం పెట్టుకున్న పేరు రిపీట్ మేడమ్). ఆమె ఓపిగ్గా చదివి కళ్ళజోడు తీశారు.

"బాగా రాశారండి. మళ్ళీ చేయండి."

సింకు దగ్గర మొహం వేలాడేసుకుని నిలబడ్డాను. అక్కడ సీసాలు కడిగే అక్క, అంతకుముందు జీడిమెట్లలో ఇంజెక్షన్ల కంపెనీలో పనిచేసింది.

"ఏంది తమ్ముడూ, గట్లున్నవ్?"

కథంతా చెప్పాను. గ్రాహకాల సంగతి ఆమె అడగలేదు. "కణాలన్నిటికి పోసే తిండినీళ్ళు ఏ సీసల కలిపినవ్?"

"నీకు పని తగ్గుతుందని నేనే నల్లా నీళ్ళతో కడిగినానక్కా. ఆవిరి మిషన్లో కూడా పెట్టినా."

"గదే తప్పు. ఆవిరికి క్రిమి సస్తది గని దాని విషం సావది. మా కంపెనీల సీసలను పొడి వేడిల కాల్చేటోళ్ళం. లేకుంటె సూది ఏసినోళ్ళకు సలిజరమొస్తది. జర ముందుగాల నన్నడగొద్దా?"

కణాలకు ముందుచూపూ లేదు, వెనకచూపూ లేదు. నేను పోసిన చచ్చిన క్రిముల మడ్డిని చూసి పాపం నిజాయితీగా అరిచాయి. సిగ్గుతో చచ్చిపోయాను. శనివారం అక్క సీసాలు కాల్చింది, నేను గిన్నెలన్నీ కొత్తగా పెట్టాను. సోమవారం పెట్టె చూడని కణాలు నిశ్శబ్దంగా ఉన్నాయి, మందు పడ్డ కణాల అరుపు బాగా తగ్గింది. మేడమ్ చాలాసేపు చూసి "మళ్ళీ చేయండి" అన్నారు, కానీ నవ్వుతూ అన్నారు. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద ఆ వారమే సంతకం పెట్టారు. ఆ ఫలితాలతో సదస్సుకు వేసిన పోస్టరు మీద కృతజ్ఞతల్లో అక్క పేరు వేస్తే, "గింత సిన్నగ రాసినవేంది?" అంది.

ఆ మందు ఇంకా రోగి దాకా రాలేదు, పరీక్షల్లో ఒక్కో మెట్టే ఎక్కుతోంది. వస్తుందనే నా నమ్మకం. ఇప్పుడు నేనే టీమ్ లీడర్ని. మొన్న ఓ కొత్తమ్మాయి కళ్ళు మెరిపిస్తూ మూడు పేజీల మహా సత్యం తెచ్చింది. "సీసా ఎలా కాల్చావమ్మా?" అన్నాను. ఆమె మొహం వాడిపోవడం చూసి, నా సొరుగులోంచి పసుపెక్కిన రెండు పేజీలు తీసి చేతికిచ్చాను. చదివి పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను గానీ, అంత ధీమాగా తప్పు రాయగలిగిన ఆ కుర్రాడంటే ఇప్పటికీ నాకు కాస్త అసూయే.